పాట ఎవర్ని పిలుస్తోంది? బెజవాడ, గుంటూరు వైపు నుంచి విన్న వందేళ్ల తెలుగు పాట

2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమావాళ్లకి ఒక హెచ్చరిక పంపింది. పాటల్లో ఆడవాళ్లతో వేయిస్తున్న స్టెప్పులు అసభ్యంగా ఉంటున్నాయి, మానుకోకపోతే చర్యలు తప్పవు అని దాని సారాంశం. ఆ వార్త టీవీలో వచ్చిన రాత్రి విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో అన్నాల దగ్గర మొదలైన వాదన పదకొండు దాటినా ఆగలేదు. "పాటలు చూస్తే తెలియట్లా, లోకం ఎలా తయారైందో" అంది మా అమ్మ. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడు "అమ్మమ్మా, జనం చూస్తున్నారు కాబట్టే తీస్తున్నారు, చూడకపోతే రేపే మానేస్తారు" అన్నాడు. మా బావగారిది మూడో మాట. ఇలాంటి పాటలు చూసే కుర్రాళ్లు చెడిపోతున్నారని.

ముగ్గురూ మూడు వేరువేరు సిద్ధాంతాలు చెబుతున్నారని అప్పుడు నాకు తట్టలేదు, పడుకున్నాక తట్టింది. అమ్మ దృష్టిలో పాట అద్దం, సమాజం ఎలా ఉంటే అలా చూపిస్తుంది. మేనల్లుడి దృష్టిలో అది అంగడి సరుకు, ఏది అమ్ముడుపోతే అది వస్తుంది. బావగారికి పాట ఒక అచ్చు, అందులో పోసి మనుషుల్ని తయారుచేస్తారు. వీటికి నాలుగోది కూడా కలపొచ్చు. పాట ఆటవిడుపు, బతుకులో లేనిదాన్నే అది ఇస్తుంది, కాబట్టి దాంట్లో బతుకు వెతకడమే తప్పు అనేవాళ్లున్నారు. ఈ నాలుగింట్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు, ఏ ఒక్కటీ సరిపోదు కూడా. ఎందుకో చెప్పడానికి మన ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల పాటల్నే తీసుకుంటాను, ఎందుకంటే గత వందేళ్లలో తెలుగు పాట తిరిగిన మలుపుల్లో చాలావరకు ఈ రెండు జిల్లాల చుట్టుపక్కలే ఉన్నాయి.

ముందుగా రెండు మాటల అర్థం

జనాదరణ ఉన్న సంగీతం అనగానే మనం సినిమా పాట అనుకుంటాం. సినిమా అందులో పెద్ద వాటా, అంతే. గుంటూరు జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా పొద్దున్నే గుడి మైకులో భక్తి పాటలు వినిపిస్తాయి, ఆదివారం చర్చిల్లో క్రైస్తవ గీతాలు వినిపిస్తాయి, ఏప్రిల్ 14న వాడల్లో అంబేద్కర్ పాటలు మోగుతాయి. వీటికి రివ్యూలు రావు, అవార్డులు రావు, కానీ వినేవాళ్లు లక్షల్లో ఉన్నారు. పండితుల మెప్పు కోసం కాకుండా మామూలు జనం వినడం కోసం, పాడుకోవడం కోసం, కొనుక్కోవడం కోసం పుట్టిన పాట ఏదైనా ఈ లెక్కలోకి వస్తుంది.

రెండో మాట సామాజిక ఆందోళన. ఇది పేపరు భాష, నేను దీన్ని బెంగ అంటాను. ఒక తరం అంతా కలిసి పడే బెంగ. పంట గిట్టకపోవడం, కట్నం, కులం, పిల్లాడి ర్యాంకు, ఇలా. ఒక మనిషి ప్రేమ విఫలమైతే అది అతని బాధ. అదే బాధ లక్షమందికి ఒకే కారణంతో, అంటే కులం వల్లో ఉద్యోగం లేకపోవడం వల్లో వస్తే, అది ఆ తరం బెంగ. చాలా ప్రేమ పాటల్లో ఈ రెండోది మొదటిదాని వేషం వేసుకుని ఉంటుంది కాబట్టి పైపైన వింటే దొరకదు.

తెర రాకముందు: పద్యానికి వన్స్‌మోర్

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది ఆ సందర్భంలోనే. ఆ రోజుల్లోనే గరిమెళ్ల సత్యనారాయణ రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము' ఊరూరా పాకింది, రాసినందుకు ఆయన్ని జైల్లో పెట్టారు. అప్పటికి మన సినిమాకి మాటలే రాలేదు, రేడియో లేదు. నోటి నుంచి నోటికే వెళ్లింది.

ఈ పాట మొదటి మాట చూడండి. మాకు, వద్దు. పాడేవాడు 'నేను' అనట్లేదు, 'మీరు' అని ఎవరికీ బోధ చేయట్లేదు. వినేవాళ్లూ పాడేవాళ్లూ ఒకే 'మా'లో ఉన్నారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చివరిదాకా వాడబోయే కొలబద్ద ఇదే: పాట ఎవర్ని పిలుస్తోంది, ఎవరి తరఫున మాట్లాడుతోంది.

అదే కాలంలో జనానికి ఇష్టమైన ఇంకో సంగీతం నాటక పద్యం. హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ ఆడేవాళ్లు, కాటి సీను వచ్చేసరికి నిద్రపోయినవాళ్లని కూడా లేపేవాళ్లు. ఆ సీన్లో నటులు పాడిన పద్యాల్లో వినుకొండ కవి గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి. రాజైనా పేదైనా కవైనా చివరికి ఒకే మట్టిలో కలుస్తారని చెప్పే పద్యాలవి. అంటరానితనాన్ని ఒంటి మీద అనుభవించిన మనిషి వాటిని రాశాడు. ఊళ్లో ఎడంగా నిలబెట్టిన మనిషి మాటకి అదే ఊరి జనం వన్స్‌మోర్ కొట్టారు. అద్దం సిద్ధాంతం ఇక్కడే మొదటిసారి తడబడుతుంది. పాటకి చప్పట్లు కొట్టడం వేరు, ఆ పాటలోని బెంగని తనదనుకోవడం వేరు.

జమీందారు డబ్బుతో జమీందార్ల మీద సినిమా

1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ వచ్చాయి. రెండూ గూడవల్లి రామబ్రహ్మం తీసినవే, సారథి సంస్థవే. మొదటిది అంటరానితనం మీద, రెండోది జమీందారీ మీద. విజయవాడ పటమటలో పుట్టిన బసవరాజు అప్పారావు గాంధీ మీద కట్టిన 'కొల్లాయి గట్టితేనేమి' ఆయన పోయాక మాలపిల్లలో వినిపించింది. రైతుబిడ్డకి గుంటూరు జిల్లా అప్పికట్ల మనిషి కొసరాజు రాఘవయ్య చౌదరి పాటలు రాశారు, జానపద బాణీల్లో, రైతు నోట పలికే మాటల్లో.

అంగడి సిద్ధాంతం చెప్పే మా మేనల్లుడికి ఈ సినిమా సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే రైతుబిడ్డకి డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. సొంత వర్గం మీద విమర్శకి తనే పెట్టుబడి పెట్టారు. మిగతా జమీందార్లకి కోపం వచ్చి సినిమాని కొన్నిచోట్ల ఆపించారు. ఎందుకు పెట్టారనే దానికి ఒకటికి మించి జవాబులున్నాయి. జమీందార్ల మధ్య రాజకీయ వైరాలున్నాయి, అందులోనూ కొందరు కాంగ్రెస్‌కి ఎదురు నిలిచిన జస్టిస్ పార్టీ వైపు ఉన్నారు. జాతీయోద్యమం ఊపు మీదుంది, అలాంటి సినిమాకి జనం వస్తారన్న లెక్క కూడా ఉండొచ్చు. డబ్బు పెట్టేవాడి ఇష్టమే పాట అవుతుందనడం ఎంత సులువో, డబ్బు పెట్టేవాళ్లు ఒకే గుంపు కాదని మర్చిపోవడం అంత సులువు.

బుర్రకథలో రాజకీయం అనే మనిషి

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడలేం. 1943లో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక బుర్రకథ ఊరి జాతర నుంచి రాజకీయ సభకి వచ్చింది, దాన్ని ఆ ఎత్తుకి తీసుకెళ్లినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు ఆయనదే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

బుర్రకథ ఎలా నడుస్తుందో ఈ తరానికి తెలియకపోవచ్చు. ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు తంబుర పట్టుకుని, వేళ్లకి అందెలు పెట్టుకుని కథ నడుపుతాడు. రెండు పక్కలా గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంత పాడతారు. వాళ్లలో ఒకరు హాస్యం, ఇంకొకరిని రాజకీయం అనే పిలుస్తారు. కథ పలనాటి యుద్ధం కావొచ్చు, బ్రహ్మనాయుడు మాట్లాడుతూ ఉండొచ్చు, మధ్యలో రాజకీయం లేచి ఈ ఊళ్లో నిన్న జరిగినదాని గురించి ఒక మాట అడుగుతాడు, హాస్యం దానికో విసురు విసురుతాడు, కథకుడు నవ్వి మళ్లీ కథలోకి వెళతాడు. అంటే పాత కథలోకి ఇవాళ్టి బెంగ రావడానికి ఈ కళలో ఒక తలుపు ముందే పెట్టి ఉంది. పాట దేని గురించి అన్నదే చూస్తే ఇది దొరకదు, పైకి అది పన్నెండో శతాబ్దపు కథ మరి. ఆ తలుపు ఎంత పనిచేసిందంటే, 1940ల చివర్లో కమ్యూనిస్టుల మీద నిర్బంధం వచ్చినప్పుడు ప్రజానాట్యమండలి ప్రదర్శనలకీ నిషేధం తగిలింది. తర్వాతి కాలంలో అదే బుర్రకథని ప్రభుత్వం కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడుకుంది. తలుపు అదే, లోపలికి వచ్చే మాటే మారింది.

పల్లవిలో పండగ, చరణంలో బెంగ: 1955 పాట ఒకటి విప్పి చూద్దాం

రోజులు మారాయి సినిమాలో 'ఏరువాకా సాగారో' అందరికీ తెలుసు. కొసరాజు రాత, మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గొంతు, తెర మీద వహీదా రెహమాన్ డాన్సు. ఈ బాణీ తర్వాత హిందీలోకి కూడా వెళ్లింది. పల్లవి వింటే ఏరువాక పండగ, రైతన్నకి ఉత్సాహం. అంతవరకే పాడుకుని ఆగిపోతాం మనం.

చరణాల్లోకి వెళ్లండి. పదవులు శాశ్వతమనుకునేవాళ్ల గురించి, ఓట్లు గుంజుకుని మర్చిపోయేవాళ్ల గురించి, ప్రజాసేవ అని అరుస్తూ బతికేవాళ్ల గురించి ఉంటుంది. వాళ్లంతా చివరికి నీ దగ్గరికే వస్తారు పదవోయ్ అంటాడు కవి. ఇప్పుడు తేదీ చూడండి. సినిమా 1955 ఏప్రిల్లో వచ్చింది. ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు జరిగింది అదే ఏడాది ఫిబ్రవరిలో. కాంగ్రెస్‌కి, కమ్యూనిస్టులకి మధ్య హోరాహోరీ పోటీ, అది మరీ వేడెక్కింది కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే. గోడల మీద నినాదాలు ఇంకా చెరిగిపోకముందే థియేటర్లో ఆ చరణం వినిపించిందన్నమాట. అదే డిసెంబరులో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది, రెండేళ్లకి ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. నీళ్లు వస్తాయన్న ఆశ పల్లవిలో ఉంటే, ఆ నీళ్ల పేరు చెప్పి ఓట్లడిగినవాళ్ల మీద అనుమానం చరణంలో ఉంది. రెండూ నిజమే, ఒకే రైతు మనసులో రెండూ ఉండేవి.

ఇంకో సంగతి. రైతు గోడు చెప్పే ఈ పాట తెర మీదికి ఒక అమ్మాయి డాన్సు ద్వారా వచ్చింది. ఐటెం సాంగ్ అనే మాట అప్పుడు లేదు, సభ్యత విషయంలో ఇప్పటివాటితో పోలికే లేదు, కానీ జనాన్ని కూర్చోబెట్టడానికి డాన్సు, ఆ డాన్సు చాటున చెప్పాల్సిన మాట అనే పద్ధతి మాత్రం అప్పటికే ఉంది. అమ్మకి ఇది చెబితే ఒప్పుకోలేదు. "రెండూ ఒకటెలా అవుతాయిరా" అంది. ఆవిడ అన్నదీ సబబే, పద్ధతి ఒకటైనా చూపించే తీరు వేరు.

ఆరేళ్లు గడిచాక 1961లో వెలుగునీడలు వచ్చింది. శ్రీశ్రీ 'పాడవోయి భారతీయుడా' మొదలవడమే స్వాతంత్ర్య సంబరంలా మొదలై, చరణాల్లోకి వెళ్లేసరికి లంచాలు, కుల పిచ్చి, దోపిడీ లెక్క చెబుతుంది. ఇప్పుడు పిలుపు చూడండి. 1921లో 'మా'. 1955లో 'చిన్నన్నా', అంటే పక్క పొలం మనిషి. 1961లో 'భారతీయుడా', దేశమంత పెద్ద పిలుపు, ఇంకా నమ్మకం ఉన్న పిలుపు.

వీధి నుంచి తెర దాకా ఎన్నేళ్లు పడుతుంది

బెంగ పుట్టిన వెంటనే పాట పుడుతుంది, కానీ ఆ పాట అందరి చెవిలో పడేది చాలా ఆలస్యంగా. మధ్యలో కాపలా ఉంటుంది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. 1952 తర్వాత కొన్నేళ్లు ఆకాశవాణి మీద సినిమా పాటలకే ఆంక్షలు పెట్టారు, 1957లో వివిధ భారతి వచ్చాక గానీ ఆ బిగింపు సడలలేదు. సినిమా పాటకే అంత కష్టమైతే ఉద్యమ పాటకి మైకు ఎవరిస్తారు? సినిమాకి సెన్సారు ఉంది. దానికి ముందే ఇంకో సెన్సారు, డిస్ట్రిబ్యూటరు. విజయవాడ గాంధీనగర్‌లో వరసగా ఉండే ఫిల్మ్ ఆఫీసుల్లో అడ్వాన్సు ఇచ్చేవాళ్లు కథలో ఏముందో, ఎన్ని పాటలున్నాయో అడిగే ఇచ్చేవాళ్లు.

ఈ కాపలాని దాటించింది క్యాసెట్టు. 1980లలో బీసెంట్ రోడ్డు పక్క సందుల్లో కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్లో నింపి ఇచ్చేవాళ్లు. మా నాన్న ఒక వైపు ఘంటసాల పాటలు, రెండో వైపు ఎవరో స్నేహితుడి దగ్గర తెచ్చిన విప్లవ గీతాలు ఎక్కించుకున్న క్యాసెట్టు ఇంకా మా బీరువాలో ఉంది, టేపు మాత్రం జిగురు పట్టింది. పాటల క్యాసెట్టుకి సెన్సారు సర్టిఫికెట్టు అక్కర్లేదు, ఒక కాపీ నుంచి పది కాపీలు ఎవరైనా చేసుకోవచ్చు. ఉద్యమ కవులు వంగపండు, గద్దర్ పాటలు మన వైపు ఇళ్లలోకి వచ్చింది ఇలాగే. వంగపండు 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' 1986లో అర్ధరాత్రి స్వతంత్రం సినిమాలోకి వచ్చేసరికి జనానికి అది కొత్త పాట కాదు.

కంచికచర్ల కవి కలేకూరి ప్రసాద్ కట్నం చావుల మీద రాసిన 'కర్మభూమిలో పూసిన ఓ పువ్వా' ఈ ఆలస్యానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ. కట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అత్తింటి హింసని శిక్షించే 498ఎ సెక్షన్ 1983లో, కట్నం చావుల సెక్షన్ 1986లో చేర్చారు. స్టవ్ పేలి కోడలు చనిపోయింది అనే వార్త పేపర్లో రోజూ కనిపించిన కాలం అది. ఆ పాట సభల్లో పాడుకున్న పాట. అది సినిమా తెరకెక్కింది 1999లో, శ్రీరాములయ్యలో. ఏ వీధి మీటింగ్‌లోనో దాన్ని విని ఏడ్చిన ఆడవాళ్ల పిల్లలు అప్పటికి పెళ్లి వయసుకొచ్చి ఉంటారు. సినిమా పాటలు మాత్రమే చూసి ఏ దశాబ్దంలో ఏ బెంగ ఉందో లెక్కేస్తే పదీ పదిహేనేళ్లు తప్పుతుంది.

అన్ని బెంగలకీ తెర దొరకదు కూడా. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని చంపినప్పుడు, అంతకుముందు 1985లో కారంచేడులో జరిగినప్పుడు, పాటలు పుట్టాయి, సభల్లో పాడారు, క్యాసెట్లలో తిరిగాయి. ఆ ఏళ్ల పెద్ద హీరోల సినిమా పాటల్లో వాటి జాడ లేదు. 1972, 73లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం నడిచినప్పుడు విజయవాడ, గుంటూరు ఊళ్లు నెలల తరబడి అట్టుడికిపోయాయి, ఆ గొడవ పేరెత్తిన హిట్ సినిమా పాట ఒక్కటీ నా చెవిన పడలేదు. దీనికి మటుకు మా మేనల్లుడి అంగడి సిద్ధాంతం సరిగ్గా సరిపోతుంది. ఒకే సినిమా అటు నైజాంలోనూ ఇటు ఆంధ్రాలోనూ ఆడాలి, ఒకవైపు మాట్లాడితే రెండోవైపు డబ్బాలు వెనక్కొస్తాయి.

ఒకే కలం, రెండు రకాల పాటలు

అమ్మ చెప్పే "మా రోజులు" కూడా ఒకేలా లేవు. 1985లో ప్రతిఘటన వచ్చింది. క్లాసులో అవమానపడిన లెక్చరర్ పాడే 'ఈ దుర్యోధన దుశ్శాసన' పాట రాసింది మన కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టిన వేటూరి, పాడింది జానకి. ఆడదాన్ని ఒట్టి ఒళ్లుగా చూసే చూపు మీద అంత కోపం తెలుగు సినిమా పాటలో అంతకుముందు నేను వినలేదు. ఆ రోజుల్లో అదే వేటూరి రాసిన మసాలా డ్యూయెట్లకి లెక్కలేదు. అప్పుడు 1985 తరం ఏది? ఆ కోపమా, ఆ డ్యూయెట్లా? రెండూ. మొదటిదానికి ఏడ్చిన మనిషే రెండోదానికి ఈల వేశాడు. అచ్చు సిద్ధాంతం చెప్పే బావగారికి నా ప్రశ్న ఇదే: పాట మనిషిని తయారుచేస్తే, ఈ మనిషిని ఏ పాట తయారుచేసినట్టు? ఆయన జవాబు తోసేయలేనిది. ఒక పాట చేయదు, రోజూ నలభై సార్లు చెవిలో పడే పాట చేస్తుంది, కోపం పాట ఏడాదికొకటి వస్తే చూపుల పాట వారానికొకటి వస్తుంది అన్నారు.

బెజవాడ కర్ఫ్యూ, తర్వాత ర్యాంకు

1988 డిసెంబరులో విజయవాడ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, తర్వాతి అల్లర్లు, కర్ఫ్యూ. నాకు అప్పుడు ఆరేళ్లు, కిటికీ తలుపులు మూసి పాలప్యాకెట్టు కోసం నాన్న వెళ్లి వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడటం గుర్తుంది. అయిదేళ్లకి, విజయవాడలోనే ఇంజినీరింగ్ చదివిన రామ్ గోపాల్ వర్మ గాయం తీశారు. అందులో సిరివెన్నెల 'నిగ్గదీసి అడుగు' వినండి. వందేళ్ల పిలుపుల్లో ఇదే పెద్ద మలుపు. దొరల్ని కాదు, మంత్రుల్ని కాదు, జనాన్నే నిలదీస్తాడు. సిగ్గులేని జనం అంటాడు. వినేవాడు తను ఆ జనంలో ఉన్నాడో లేడో తేల్చుకోలేక ఇబ్బంది పడతాడు. కొందరు దీన్ని నిరాశ అంటారు, కళ్ల ముందు హత్య జరిగితే షట్టర్ దించుకున్న ఊళ్లో పెరిగిన నాకు అది నిరాశలా అనిపించదు, సాక్ష్యంలా అనిపిస్తుంది.

ఇంకో పదేళ్లకి పిలుపు మళ్లీ మారింది. ఇంజినీరింగ్, మెడికల్ సీట్లకి పెట్టే ఎంసెట్ పరీక్ష 1986లో మొదలైంది, 2000 దాటేసరికి విజయవాడ, గుంటూరు అంటే రాష్ట్రమంతటా కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లు గుర్తొచ్చే స్థితి. 2004లో నా ఆటోగ్రాఫ్ సినిమాకి చంద్రబోస్ రాసిన 'మౌనంగానే ఎదగమని' ఆ హాస్టళ్లకి జాతీయ గీతం అయిపోయింది. ఫేర్‌వెల్లో అదే, మోటివేషన్ క్లాసులో అదే. మంచి పాట, ఎందరికో ఆసరా ఇచ్చింది, నాకూ ఇచ్చింది. కానీ పిలుపు వినండి. నువ్వు. ఒక్కడివే. మౌనంగా. ఓడిపోతే లేచి నిలబడాల్సింది నువ్వు, ఎదగాల్సింది నువ్వు. 1961 పాటలో తప్పు వ్యవస్థది, మార్చాల్సింది అందరూ కలిసి. ఇక్కడ వ్యవస్థ ఊసే లేదు. ఇది కవి తప్పు కాదు. ఒక్క ర్యాంకు కోసం పక్క బెడ్డు వాడితోనే పోటీపడే పిల్లాడికి 'మనం' అనే మాట ఎక్కడా తగలదు, ఆ తరం ఒంటరితనాన్ని ఆ పాట ఉన్నదున్నట్టు పట్టుకుంది.

పల్లెల్లో మాత్రం అదే కాలంలో ఇంకో పాట తిరిగింది. గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో'. తెలంగాణలో పుట్టిన పాటే అయినా పత్తి అప్పుల్లో మునిగిన పల్నాడు ఊళ్లలో అది తమ పాటలాగే వినిపించింది. ఒకే ఏడాది, ఒకే జిల్లా, కొడుకు హాస్టల్లో ఒక పాట, తండ్రి చేలో ఒక పాట.

'ఊ అంటావా': రెండు వైపులా విందాం

ఇప్పుడు మొదటి వాదనకి తిరిగొస్తాను. 2021లో పుష్ప సినిమాలో వచ్చిన 'ఊ అంటావా' పాట రాసిందీ చంద్రబోసే. ఆడది ఏం కట్టుకున్నా, పొడుగున్నా పొట్టిగా ఉన్నా మగవాడి చూపు అదే అని చరణాలు చెబుతాయి. ఇది మగవాళ్లని అవమానిస్తోందని కొందరు గొడవ చేశారు కూడా. సమర్థించేవాళ్లు ఇది 1985 కోపానికి కొత్త రూపం అంటారు, అదే చూపుని ఈసారి ఎగతాళి చేస్తూ చెప్పింది అంటారు. వ్యతిరేకించేవాళ్లు చరణం ఏం చెబితే ఏం, కెమెరా అదే చూపుతో చూస్తోందిగా అంటారు. తిడుతున్నట్టు తిడుతూ అదే సరుకు అమ్మారు అంటారు.

నాకు రెండో మాటలోనే ఎక్కువ బరువు కనిపిస్తుంది, దానికి కారణం కెమెరా ఒక్కటే కాదు, ఫోను. పాటని ఇప్పుడు మనం రీల్స్‌లో వింటున్నాం. అరనిమిషంలో ఇమిడేది పల్లవి, హుక్ స్టెప్పు. చరణం రాలిపోతుంది. కొసరాజు కాలం నుంచి మన కవులు బెంగని దాచుకున్నది చరణంలో. 2025లో గొడవైన స్టెప్పులున్న పాటల్లో చరణం ఏం చెప్పిందని మా ఇంట్లో అడిగాను, రోజూ చూసిన మేనల్లుడితో సహా ఎవరికీ గుర్తులేదు. డబ్బు పెట్టి క్యాసెట్టు కొన్నవాడు రెండు వైపులా వినేవాడు. వేలితో తోసేవాడికి అంత వ్యవధి లేదు.

అలాగని ఫోను బెంగని మింగేసిందనడం కూడా తొందరపాటే. ఇవాళ పాట బయటికి రావడానికి జమీందారు అక్కర్లేదు, ఆకాశవాణి మైకు అక్కర్లేదు, గాంధీనగర్ అడ్వాన్సు అక్కర్లేదు. వీధికీ తెరకీ మధ్య పదిహేనేళ్ల ఆలస్యం కొన్నిసార్లు ఒక రాత్రికి తగ్గింది. ఎవరూ వినకుండా పోయే ప్రమాదం మాత్రం పెరిగింది.

మొన్న దసరా సెలవలకి ఇంటికొచ్చినప్పుడు మేనల్లుడు తన పాత కీప్యాడ్ ఫోన్లో ఒక రికార్డింగ్ వినిపించాడు. హాస్టల్ బాత్రూం గదిలో రాత్రి పూట పాడినట్టుంది, గొంతు అణిచి పాడుతున్నారు, నీళ్ల చప్పుడు వెనక వినిపిస్తోంది. బాణీ ఒక హిట్ సినిమా పాటది. మాటలు వాళ్లవి. వీకెండ్ టెస్టు, మార్కుల ప్రకారం మారే సెక్షన్లు, ఆదివారం ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడే పది నిమిషాలు, సెక్షన్ మారిపోయి మాటలు తగ్గించేసిన ఒక స్నేహితుడు. ఎవరు రాశార్రా అంటే "అందరం మావయ్యా, తలా ఒక లైను" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాను. పల్లవి అవుతూనే ఆపబోయాడు, ఉండనివ్వరా అన్నాను, రెండో చరణంలో పాడేవాళ్లు నలుగురైదుగురు కలిశారు, 'మేం' అన్నారు.